‘నీది’ అనాల్సిన చోట

కాక్‌పిట్‌లో ‘మీరు’ లేదు, ‘అండీ’ లేదు. కొత్తగా వచ్చిన పైలట్లకు పంతులమ్మ మొట్టమొదట చెప్పే పాఠం అది.

విమానాన్ని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మార్చేటప్పుడు, ఇచ్చేవాళ్లు ‘నీది’ అనాలి. పుచ్చుకునేవాళ్లు ‘నాది’ అనాలి. ‘నాది’ అన్న మాట చెవిన పడ్డాకనే ఇచ్చినవాళ్లు చెయ్యి తియ్యాలి. రెండే రెండు మాటలు. కానీ తల నెరిసిన కెప్టెన్‌ని పట్టుకుని ‘నీది’ అనాలంటే కొత్తవాళ్లకు నోరు పెగిలేది కాదు. “మీదండీ” అని నసిగేవాళ్లు. పంతులమ్మ వాళ్ల చెవి మెలేసినంత పని చేసేది.

“అండీలూ గిండీలూ మెట్లు దిగాక పెట్టుకో నాయనా. పైన అందరం ‘నువ్వే’. చెవికి అలవాటైన మాట పడితేనే చెయ్యి కదులుతుంది. నువ్వు మర్యాద చేసేలోపు విమానం పొలంలో ఉంటుంది.”

“మరి జవాబుగా ‘సరే’ అంటే చాలదా మేడమ్?”

“చాలదు. సరే చాలదు, అలాగే చాలదు, తల ఊపితే చాలదు. ఊఁ కొడితే అసలే చాలదు. ఊఁ కొట్టడానికి ఇదేమైనా అమ్మమ్మ కథా?”

అందుకే ఆమెకు పంతులమ్మ అని పేరు పడిపోయింది. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. క్యాంటీన్‌లో టీ పోసేవాడు కూడా “పంతులమ్మగారికి చక్కెర లేకుండా ఒకటి” అని కేకేసేవాడు.

యాభై దగ్గరపడుతున్నా ఆమె ఇంకా కుడివైపు సీట్లోనే, అంటే కో-పైలట్‌గానే ఉంది. ఆమెతో కలిసి నేర్చుకున్నవాళ్లంతా ఎప్పుడో ఎడమవైపు సీటెక్కి కెప్టెన్లయ్యారు. కూతురు పుట్టినప్పుడు ఆమె ఉద్యోగం మానేసి చాలా ఏళ్లు ఇంటిపట్టునే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి వరసంతా ముందుకు జరిగిపోయి ఉంది. ఆమె మళ్లీ తోక దగ్గర నిలబడింది. ఇన్నాళ్లకి పరీక్షలన్నీ గట్టెక్కి చివరిది ఒక్కటి మిగిలింది. వచ్చే వారం ఆమె ఎడమ సీట్లో కూర్చుని నడుపుతుంది, పరీక్షాధికారి చూస్తాడు. అదయిపోతే భుజం మీది మూడు గీతలకు నాలుగో గీత కలుస్తుంది. కూతురు ఆగలేక నాలుగు గీతల భుజం పట్టీలు ముందే కొనుక్కొచ్చింది.

“నాలుగోది పడ్డాక నీ పొగరు పట్టడానికి ఈ ఇల్లు చాలదేమో అమ్మా.”

“చాలకపోతే నువ్వు బయట పడుకుందువుగాని. ముందవి లోపల పెట్టు. కాకుండానే అయినట్టు బయట పెట్టకూడదు.”

అలా అని సొరుగులో దాచిందే గానీ, పొద్దున తల దువ్వుకునేటప్పుడు సొరుగు తెరిచి ఒక్కసారి చూసుకునేది.

సరిగ్గా అలాంటి వారంలో డ్యూటీలు వేసే గుమాస్తా నుంచి ఫోనొచ్చింది. మధ్యాహ్నం విమానానికి వెళ్లాల్సిన కో-పైలట్ వాంతులతో పడిపోయాడట. పంతులమ్మ ఆ రోజు ఎవరైనా రాకపోతే వెళ్లాల్సిన మనిషి.

“కెప్టెన్ ఎవరు?” అని అడిగింది.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. “అదేనమ్మా... సార్.”

సార్ అంటే చాలామంది ఉన్నారు. ఆ గొంతు సవరించుకోవడంలోనే ఏ సారో తెలిసిపోయింది. ఆమె మాజీ భర్త. ఒకే కంపెనీలో ఉంటున్నా, విడిపోయినప్పటి నుంచీ ఇద్దర్నీ ఒకే విమానంలో వెయ్యొద్దని నోటిమాటగా చెప్పి ఉంచారు. ఇన్నేళ్లూ అలాగే గడిచిపోయింది.

“ఇంకెవరూ లేరమ్మా. ఎంతసేపు, కళ్లు మూసుకుని తెరిచేలోపు అయిపోతుంది.”

“కళ్లు మూసుకుని నడిపేదైతే నన్నెందుకు పిలుస్తున్నావు?” అంది పంతులమ్మ. కానీ కాదంటే, సొంత గొడవలు డ్యూటీలోకి తెచ్చిందంటారు. పరీక్ష వారంలో ఆ మాట పడకూడదు. యూనిఫాం వేసుకుని బయల్దేరింది.

విడిపోవడం కూడా పెద్ద రాద్ధాంతమేమీ లేకుండానే జరిగింది. అది తలుచుకుంటేనే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడు. ఏం చెప్పినా ‘ఊఁ’. గ్యాస్ అయిపోయిందంటే ఊఁ, పిల్లకి జ్వరమంటే ఊఁ. ఆ ఊఁల్లో ఏది అవును, ఏది కాదు, ఏది తర్వాత చూద్దాం అనేది పంతులమ్మకే తెలుసు. కూతురైతే “నాన్న ఏమన్నారో తెలుగులో చెప్పమ్మా” అని ఆటపట్టించేది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన సోఫాలో కూర్చుని టీవీలో తుఫాను వార్తలు చూస్తున్నాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, ఎన్నాళ్లనుంచో గొంతులో కూడబెట్టుకున్న మాట చెప్పింది. “ఇంక నా వల్ల కాదు. పిల్లని తీసుకుని వెళ్లిపోదామనుకుంటున్నాను.”

“ఊఁ” అన్నాడు ఆయన.

ఆమె ఇంకాసేపు నిలబడింది, ఇంకేమైనా అంటాడేమోనని. అనలేదు. సరే, పొమ్మన్నట్టేగా అనుకుని పెట్టె సర్దుకుంది. దారిలో బడి దగ్గర కూతుర్ని ఎక్కించుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆయన ఫోను చెయ్యలేదు. వారం తర్వాత వదిన వచ్చి చెప్పింది, “ఏమమ్మా, మాట మాత్రం చెప్పకుండా ఇల్లొదిలి వచ్చేశావట? ఊరంతా అలాగే చెబుతున్నాడు మీ ఆయన.”

అన్నిటికన్నా ఆ అబద్ధమే ఆమెకు ఎక్కువగా గుచ్చుకుంది. మొహం మీద చెబితే ఊఁ అని పొమ్మని, తిరిగి చెప్పలేదంటాడా? మిగతావన్నీ కాలం అరగదీసింది. అది మాత్రం గుండెలో మేకులా దిగబడి ఉండిపోయింది.

* * *

విమానంలో వెళ్లేటప్పుడు ఇద్దరూ పుస్తకంలో ఉన్న మాటలే మాట్లాడుకున్నారు. పై మాట ఒక్కటి లేదు. క్యాబిన్‌లో సిబ్బందికి పెద్దయిన అక్క టీలు పట్టుకుని లోపలికొచ్చింది. ఆవిడ అందరికీ అక్కే, కెప్టెన్‌కి కూడా. వీళ్ల పెళ్లికి వచ్చి భోంచేసిన మనిషి.

“తలుపు వేసి వెళ్లనా, తీసి ఉంచనా? లోపల గాలి బిగుసుకుపోయినట్టుంది” అంది.

“వెయ్యక్కా” అన్నాడు కెప్టెన్. “మేం కొట్టుకుంటే ప్రయాణికులు భయపడతారు.”

పంతులమ్మ నవ్వలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, “ఎత్తు సరిచూడు” అంది.

దిగే సమయమైంది. విమానం పంతులమ్మ చేతిలో ఉంది. చక్రాలు దించగానే ఎదురుగా పసుప్పచ్చ దీపం వెలిగింది. ముందు చక్రం స్టీరింగు చెడిపోయిందని దానర్థం. చక్రం దిగింది గానీ అది ఎటు చూస్తోందో పైనున్నవాళ్లకు తెలియదు. ఆమె దిగకుండా మళ్లీ పైకి లేపింది. టవర్‌కి దగ్గరగా, వాళ్లకి చక్రం కనబడేలా కిందుగా ఒక చుట్టు తిప్పింది.

టవర్‌లో మనిషి దుర్భిణిలోంచి చూసి చెప్పాడు. “ముందు చక్రం తిన్నగా లేదు. కుడివైపుకి తిరిగి బిగుసుకుపోయి ఉంది.”

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాట మీద మాట తట్టకుండా సాగిపోయింది. ఇంధనం తగ్గేదాకా గుండ్రంగా తిరుగుతూ ఆమె నడిపింది. ఆయన పుస్తకం తెరిచి ఒక్కొక్కటే చదివాడు. ఒక మీట వేసి తీశారు, ఇంకో పంపు మార్చారు. దీపం ఆరలేదు. ఆయన అక్కని పిలిచి చెప్పాడు, “దిగాక కుదుపు గట్టిగా ఉండొచ్చు. అందర్నీ తల వంచుకుని కూర్చోబెట్టు. ఏడ్చేవాళ్ల పక్కన ధైర్యం ఉన్నవాళ్లని కూర్చోబెట్టు.”

“ధైర్యం ఉన్నవాళ్లని నేనెక్కడ తెచ్చేది?” అంది అక్క. “నాకే కాళ్లాడటం లేదు.” అంటూనే వెళ్లి అందరికీ నవ్వుతూ చెప్పొచ్చింది.

“ఎవరం దించుదాం?” అన్నాడు కెప్టెన్.

“మీరు దించరా?” అనేసి పంతులమ్మ నాలుక కరుచుకుంది.

ఆయన పెదవి చివర నవ్వొచ్చింది. “పాఠం మర్చిపోయావు పంతులమ్మా.” తర్వాత ముందుకు చూస్తూ అన్నాడు, “నువ్వే దించు. నేలకి ఆనించడంలో నీ చెయ్యి నాకంటే మెత్తన.”

కాపురం చేసినన్నేళ్లలో ఆయన నోటి నుంచి అలాంటి మాట వచ్చిన గుర్తు ఆమెకు లేదు. వంట బాగుందని కూడా అనని మనిషి. చావు ఎదురుగా కూర్చుంటే గానీ ఈయనకి నోరు రాదా అనుకుంది. కోపమూ వచ్చింది, కళ్ల వెనకాల వేడిగా కూడా అయింది. రెప్ప వెయ్యకుండా అణుచుకుంది.

ఎలా చెయ్యాలో ఇద్దరూ చెప్పుకున్నారు. వెనక చక్రాలు నేలకానాక ముక్కుని వీలైనంతసేపు గాల్లోనే నిలబెట్టాలి. వేగం ఉన్నంతవరకూ తోకలోని చుక్కాని పనిచేస్తుంది, ఆమె కాళ్లతో విమానాన్ని రన్‌వే మధ్యలో పట్టి ఉంచుతుంది. వేగం పడిపోతే చుక్కాని ఉత్త రేకు. అప్పుడు బ్రేకులు ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా నొక్కి లాక్కెళ్లాలి. నేల మీద ముందు చక్రాన్ని తిప్పే చిన్న స్టీరింగు, అరచేతిలో పట్టేంతది, ఎడమ సీటు పక్కన మాత్రమే ఉంది. అందులో కొసప్రాణం ఏమైనా మిగిలుంటే అదీ ఆయనకే తెలుస్తుంది.

“వేగం పడిపోగానే నీకు ఇస్తాను” అంది ఆమె.

“ఇయ్యి. పుచ్చుకుంటాను” అన్నాడు ఆయన.

ఎప్పుడో మొదటిసారి భార్యాభర్తలుగా కలిసి ఎగిరిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. కట్టుకున్న మొగుణ్ణి ‘నీది’ అనడానికి నోరు రాక పకపకా నవ్వేసింది. ఆయన కూడా నవ్వాడు. ఇంట్లో మీరు, పైన నువ్వు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు మెట్ల దగ్గర ఆ మాట మార్చుకోవడం అలవాటయ్యేదాకా ఇద్దరూ నవ్వుకుంటూనే ఉండేవాళ్లు.

పొద్దున పడ్డ వానకి రన్‌వే మెరుస్తోంది. మంటలార్పే ఎర్రటి బళ్లు అంచున వరసగా నిలబడి ఉన్నాయి. పంతులమ్మ విమానాన్ని దించింది. వెనక చక్రాలు నేలకానినట్టు వెనక సీట్లవాళ్లకు తెలిసిందో లేదో. ముక్కు అలాగే పైకెత్తి పట్టింది. మెల్లగా, నిద్రపోతున్న పసిపిల్లని పక్క మీద పెట్టినట్టు ముక్కుని కిందికి వదిలింది. పక్కకి తిరిగిన టైరు నేలకి రాసుకుని కీచుమంది, కాలిన రబ్బరు వాసన లోపలికి కొట్టింది. విమానం కుడికి లాగుతోంది. ఆమె ఎడమ పెడల్ని అదిమి తిన్నగా పట్టుకుంది. తెల్లగీత ముక్కు కిందే ఉంది. వేగం పడిపోతోంది. చుక్కాని పట్టు సడలుతున్నట్టు పాదానికి తెలిసింది.

చెప్పింది. ఆయన జవాబిచ్చాడు. ఆమె కాళ్లూ చేతులూ వెనక్కి తీసుకుంది.

తెల్లగీత పక్కకి జరిగిపోయింది. ఆయన లాగుతాడని చూసింది. గీత ఇంకా జరిగింది. ఆయన కళ్లు ఎదురుగా బ్రేకుల పీడనం చూపే ముల్లు మీదే ఉన్నాయి, కుడిచెయ్యి ఒడిలో ఉంది, ఎడమచెయ్యి ఆ చిన్న స్టీరింగు పక్కన ఊరికే పడి ఉంది. ఆయన పాదాలు పెడళ్ల మీద లేవు.

“ఏమండీ!” అని అరిచింది పంతులమ్మ.

ఇద్దరూ ఒకేసారి పెడళ్ల మీద పడ్డారు. అప్పటికే విమానం రన్‌వే దాటేసింది. ముందు కాలు తడిసిన మట్టిలో దిగబడి ఫెళ్లున విరిగింది. ముక్కు నేలకి కొట్టుకుంది. టైరు దగ్గర పొగ లేచింది. అక్క తలుపులు తెరిపించి జారుడు బల్లల మీంచి అందర్నీ కిందికి తోసింది.

ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక ముసలాయన మాత్రం జారి కింద పడినప్పుడు తుంటి ఎముక విరిగింది. అంబులెన్సులో చోటు లేదని ఆయన భార్యని ఎక్కించుకోలేదు. “వెనకాల బండిలో రామ్మా” అని తలుపు మూసేశారు. ఆవిడ ఆయన చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని గడ్డిలో నిలబడిపోయింది. పంతులమ్మ వెళ్లి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

“నువ్వేనా అమ్మా నడిపింది?” అని అడిగింది ఆవిడ.

ఎవరు నడిపారో పంతులమ్మకే తెలియదు.

* * *

విచారణలో మొదటిరోజు ఇద్దర్నీ విడివిడిగా పిలిచారు. పంతులమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. “నేను ‘నీది’ అన్నాను. ఆయన జవాబిచ్చారు. నేను వదిలాను.” కెప్టెన్ ఏం చెప్పాడో సాయంత్రానికి ఆమె చెవిన పడింది.

“చెప్పకుండా వదిలేసింది.”

అదే మాట. పెళ్లాం మీద వేసిన నిందనే కో-పైలట్ మీదా వేశాడు. అప్పుడు ఇంట్లో రికార్డర్ లేదు, నోరున్నవాడిదే మాట అయింది. ఇప్పుడలా కాదు. కాక్‌పిట్‌లో గాలి పీల్చినా రికార్డవుతుంది. ఈసారి వినిపిస్తారు. ఆయన అబద్ధం నలుగురి ముందూ బయటపడుతుంది. ఇదొక్కటే కాదు, ఆ మొదటి అబద్ధం కూడా.

“ఇక చూడు” అంది ఇంటికొచ్చి కూతురితో. “మీ నాన్న సంగతి తేలిపోతుంది.”

“నాలుగో గీత సంగతి తేలితే చాలమ్మా” అంది కూతురు.

రెండోసారి ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. పొడుగాటి బల్ల, నీళ్ల జగ్గు, కిటికీ తెరలు సగం దించి ఉన్నాయి. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్న అధ్యక్షుడు ఒకప్పుడు పైలట్, మెత్తని మనిషి. బల్ల మీద ఒక చిన్న స్పీకరు పెట్టారు. మీట నొక్కారు.

మొదట టైరు కీచుమన్న చప్పుడు. తర్వాత పంతులమ్మ గొంతు, అలిసిపోయినట్టు, దగ్గరగా.

“మీది.”

తర్వాత ఆయన గొంతు.

“ఊఁ.”

మీట ఆపేశారు.

పంతులమ్మ తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. ‘నీది’ అన్నానని ఆమె దేవుడి మీద ఒట్టేసి చెప్పగలదు. రోజుకి పదిమందికి నూరిపోసిన మాట. అయినా ఆ గొంతు తనదే. ‘మీది’. వంటింట్లోంచి పిలిచినట్టుంది. దానికి ఆయన సోఫాలోంచి పలికినట్టు పలికాడు.

“నేను విన్లేదండీ” అన్నాడు కెప్టెన్ మెల్లగా, బల్లకేసి చూస్తూ. “అప్పుడు నా ధ్యాసంతా ఆ బ్రేకుల పీడనం ముల్లు మీదే ఉంది. ‘నీది’ అని పడితే చెయ్యి దానంతటదే వచ్చేది. మీది అంటే... ఏదో ఇంటి మాటలా చెవి పక్కనుంచి పోయినట్టుంది. నేను ఊఁ అన్నానని కూడా నాకు తెలియదు.”

ముగ్గురిలో చివరివాడు ఇంజనీరు. “అయితే ఈ చప్పుడు జవాబా, కాదా?” అన్నాడు. మళ్లీ వేశారు. మీది. ఊఁ. మళ్లీ వేశారు. మీది. ఊఁ. ఇంత చదువుకున్న ముగ్గురు మగాళ్లు తల పక్కకి వంచి తన మొగుడి ఊఁ వింటుంటే, ఇంకో రోజైతే పంతులమ్మకి నవ్వాగేది కాదు.

అధ్యక్షుడు ఆమె వైపు తిరిగాడు. “అమ్మా, మీరు వీరితో చాలాకాలం కలిసి ఉన్నారు. ఈ ఊఁ ఒప్పుకోలేనా? తొందరపడకండి, ఆలోచించి చెప్పండి. ఒప్పుకోలే అయితే ఇచ్చారు, పుచ్చుకున్నారు, మాటలు మాత్రం తప్పాయి, తప్పు చెరి సగం అవుతుంది. మీ పరీక్ష కాస్త వెనక్కి జరుగుతుందంతే. కాకపోతే పుచ్చుకునేవాళ్లు లేకుండా వదిలేసినట్టవుతుంది.”

దారి చూపిస్తున్నాడు పాపం. కెప్టెన్ కూడా తలెత్తి చూశాడు. అవునను, నేను కాదనను అన్నట్టుంది ఆ చూపు. ఒక్క మాట చాలు. అవును, ఒప్పుకోలే. ఈ భూమి మీద ఆ ఊఁకి అర్థం చెప్పగలిగిన మనిషి తనొక్కతే, తను చెప్పిందే చెల్లుతుంది.

“ఇంకొక్కసారి వెయ్యండి” అంది.

ఈసారి కళ్లు మూసుకుని వింది. ‘మీ’ అయింది, ‘ది’ ఇంకా పూర్తికాలేదు, ఊఁ అప్పటికే మొదలైంది. మాట పూర్తయ్యేదాకా ఆగని ఊఁ. ఒప్పుకునే ఊఁ గుండెలోంచి కిందికి దిగుతుంది. వద్దనే ఊఁ పైకి లేస్తుంది. ఇది రెండూ కాదు. ముక్కులోంచి, చదునుగా, ఎవరికీ చెందకుండా వచ్చేది. వర్షం పడుతుంటే చూరు కింద చుక్క రాలినట్టు ఊరికే రాలేది.

ఆ ఊఁ ఆమెకు బాగా తెలుసు. ఎక్కడ విన్నదో కూడా తెలిసింది. వంటింటి గుమ్మం చల్లగా వీపుకి తగిలినట్టయింది.

“ఇది ఒప్పుకోలు కాదండీ” అంది పంతులమ్మ. “ఇది వినని ఊఁ. ఆయన నిజమే చెబుతున్నారు. ఆయనకి వినపడలేదు.”

* * *

తీర్పు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కెప్టెన్ జాగ్రత్తగా ఉండాల్సిందని ఒక మందలింపు. పంతులమ్మకి పరీక్ష రద్దు. మళ్లీ శిక్షణ, మళ్లీ మొదటి నుంచి వరస. అధ్యక్షుడు “మీ నిజాయితీని మేం గుర్తుపెట్టుకుంటాం” అన్నాడు. గుర్తుపెట్టుకుని ఏం చేసుకుంటారో చెప్పలేదు. ఆ వరస తన దాకా వచ్చేసరికి తను ఈ ఉద్యోగంలో ఉండే వయసు దాటిపోతుందని ఆమెకీ తెలుసు, వాళ్లకీ తెలుసు.

నడవాలో లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే ఆయన వెనకాలే వచ్చాడు. దగ్గరగా చూస్తే చెవుల మీద జుట్టు పూర్తిగా తెల్లబడింది.

“ఎందుకలా చెప్పావు? అవునని ఉంటే సరిపోయేది కదా. నేను కాదనేవాణ్ణి కాదు.”

“ఊఁ అనేవారా?”

ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు, కుదర్లేదు.

“ఒకటి అడుగుతాను, చెప్పండి” అంది పంతులమ్మ. నేల మీద ఉన్నారు కాబట్టి మీరు అనొచ్చు. “నేను ఇల్లొదిలిన రోజు మీరు రాత్రి డ్యూటీ చేసొచ్చి సోఫాలో కూర్చున్నారు. టీవీలో తుఫాను వార్తలు వస్తున్నాయి. నేను గుమ్మంలో నిలబడి వెళ్లిపోతానని చెప్పాను.”

ఆయన ఎప్పుడూ చూడని దీపమేదో వెలిగినట్టు ఆమె మొహంలోకి చూశాడు. “చెప్పలేదు నువ్వు. నిద్ర లేచి చూస్తే ఇంట్లో ఎవరూ లేరు. పిల్ల పుస్తకాల బీరువా తెరిచి ఉంది. వంటింట్లో గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి వెళ్లొచ్చు కదా అని... అందుకే ఫోను కూడా చెయ్యలేదు.”

“చెప్పాను. మీరు ఊఁ అన్నారు.”

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గోడకి చెయ్యి ఆనించుకున్నాడు.

ఇన్నేళ్లూ ఆయన అబద్ధమాడాడని కసి పెంచుకుంది. ఆ కసే ఆమెను పొద్దున్నే లేపింది, యూనిఫాం ఇస్త్రీ చేయించింది, పిల్లని చదివించింది. ఆయన అబద్ధమాడలేదు. ఇప్పుడిక పట్టుకోవడానికి అది కూడా లేదు.

“విని ఉంటే ఏం చేసేవారు?” అని అడిగింది. అడగకుండా ఉండలేకపోయింది.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదని ఆమెకి ఇప్పుడే తెలిసింది కాబట్టి ఎదురుచూసింది.

“ఏమో” అన్నాడు. “కనీసం టీవీ ఆపేవాణ్ణి.”

లిఫ్టు వచ్చింది. పంతులమ్మ లోపలికెళ్లి గోడ వైపు తిరిగి నిలబడింది. ఇంటికెళ్లి ఆ భుజం పట్టీలు కూతురి కంట పడకుండా ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తోంది. పారేస్తే అడుగుతుంది. సొరుగులోనే ఉంచితే రోజూ తల దువ్వుకోవాలి. బట్టల అడుగున పెడితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడతాయి.

“ఊఁ” అంది.

తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు కిందికి కదిలింది. అప్పుడు గాని ఆమెకి తోచలేదు, తను ఎవరికి ఊఁ కొట్టిందో. తలుపులు మూసుకునే ముందు వెనక నుంచి ఆయన ఏదో అన్నాడు. ఏదో అడిగాడు కూడా, చివర్లో గొంతు పైకి లేచింది. ఏమడిగాడో ఆమె విన్లేదు.